జడుపు పథ్యం

రావమ్మ గొలుసు పోయిన రోజే ఆమె ఏడేళ్ల కూతురు సరోజినికి మాట పడిపోయింది. దొంగను చూసి జడుసుకుందని తిరువూరంతా తేల్చేసింది. పిల్ల నోరు విప్పితే దొంగ దొరుకుతాడన్నమాట.

"గొలుసు పోతే పోయిందండీ. దాని చేత ‘అమ్మా’ అనిపించండి చాలు" అని రావమ్మ భర్త కాళ్లావేళ్లా పడింది.

భర్త జగన్నాథరావు మామిడితోటల ఆసామి. పిల్లకి వైద్యం చేసేవాళ్ల కోసం పెళ్లిసంబంధాలు చూసినట్టు ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు.

ముందు బెజవాడ. డాక్టరమ్మ బొమ్మలు పరిచి, తనూ పిల్లతోపాటు నేలమీద కూర్చుంది. "రోజూ కాసేపు నాతో ఒంటరిగా వదలండి. ఆడుకుంటూ తనే మాట్లాడేస్తుంది" అంది.

"బొమ్మలాట కూడా వైద్యమేనా!" అని జగన్నాథరావు లేచొచ్చేశాడు.

తరువాత విస్సన్నపేట. మొండిపిల్లల్ని కూడా దారికి తెస్తాడని శాంతయ్య మాస్టారికి పేరు. ఆయన పలకా బలపం చేతికిచ్చి, "ఏం చూశావో బొమ్మ గీసి చూపించమ్మా" అన్నాడు.

జగన్నాథరావు పలక లాగేసుకున్నాడు. "పసిదాన్ని మళ్లీ జడిపిస్తారేంటి మాస్టారూ? మీకు పిల్లల్లేరా?"

మాస్టారికి ఇంటినిండా పిల్లలే. అయినా పాపం, సిగ్గుపడి క్షమించమన్నాడు.

చివరికి గంపలగూడెం మంత్రగాడు వెంకటప్పయ్య నచ్చాడు. ఆయన తాయెత్తు కట్టి పథ్యం చెప్పాడు. పిల్లని ఎవరూ ఏమీ అడగకూడదు. అది వేలుపెట్టి చూపించిందల్లా కొనివ్వాలి.

"వైద్యమంటే ఇదీ!" అన్నాడు జగన్నాథరావు.

ఆ పథ్యం ఎంత నిష్ఠగా చేయించాడని! రావమ్మ "ఎవరమ్మా ఆ దొంగ?" అనబోతే కసిరేవాడు. మిఠాయి, రిబ్బన్లు, పట్టుగౌను, పిల్ల వేలు చూపడమే ఆలస్యం. తిరువూరు ఆడవాళ్లు ఆయన్ని చూపించి తమ మొగుళ్లని దెప్పిపొడిచేవారు. రావమ్మ మాత్రం, నిద్రలోనైనా పలుకుతుందేమోనని కూతురి నోటి దగ్గర చెవి పెట్టుకుని పడుకునేది.

ఒక సాయంత్రం బజారులో సరోజిని వెండి పట్టీల వైపు వేలు చూపింది. జగన్నాథరావుకి మొదటిసారి విసుగొచ్చింది.

"ఇంక చాల్లే, పద."

పిల్ల అటూ ఇటూ చూసింది. తండ్రిని వంగమని సైగ చేసి, చెవిలో గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"కొనవా? అయితే ఇంక మాట్లాడేస్తా నాన్నా. గొలుసు తీసింది నువ్వేనని అమ్మకి చెప్పేస్తా."