గురువుగారి కుర్చీ

ముసలాయన లడ్డూ కోసం ఎడంచెయ్యి చాపాడు.

గౌరీశ్వరికి ఒళ్లు మండింది. పళ్లెం వెనక్కి లాక్కుంది.

"ఏటి తాతా, ఎడంసెయ్యి పెడతన్నావ్? శుభమా అని నా బొమ్మల ఎగ్జిబిషన్ ఎట్టుకుంటే!"

ఆయన నవ్వాడు. చాపిన చెయ్యి దించేసి, కుడి భుజం మీంచి కప్పుకున్న తువ్వాలు సర్దుకుని గోడవైపు తిరిగాడు.

బీచ్ రోడ్డులో ఎండ మాడ్చేస్తోంది. దారినపోయే మనిషెవరో ఏసీ చల్లదనానికి హాల్లోకి దూరాడని సరిపెట్టుకుంది.

ఆయిల్ పెయింటింగుల్లో గౌరీశ్వరికి మంచి పేరే ఉంది. కోపంలోనూ ఉందనుకోండి. అయితేనేం, నీటి రంగుల్లోకి దిగేసరికి ఓనమాల దగ్గరికి వచ్చిపడింది. ఆయిల్‌లో తప్పు చేస్తే పైన ఇంకో రంగు పులిమేయొచ్చు. నీటి రంగు దగ్గర ఆ వేషాలు సాగవు. తెలుపు కావాలంటే తెల్లరంగు వేయడం కాదు, కాగితాన్ని ముట్టకుండా వదిలేయాలి. ఆ వదలడం చేతకాక ఎన్ని కాగితాలు చించిందో, ఎంత ఏడ్చిందో!

చివరికి నేర్పింది 'తడి కాగితం' అనే యూట్యూబ్ చానల్. అందులో మొహం కనపడదు, మాట వినపడదు. ఒక చెయ్యి, ఒక కుంచె, అంతే. ఆ చేతికి ఆమె రోజూ దణ్ణం పెట్టుకునేది.

ఈమధ్య వీడియోలు రావడం లేదు. పెద్దవాళ్లు, తీరిక ఉండదులే అనుకుంది. ఎగ్జిబిషన్‌కి రమ్మని మెసేజి మీద మెసేజి పెట్టింది. జవాబు రాలేదు గానీ చదివినట్టు గుర్తు పడింది.

అదే ఆశ. ఆ గురువుగారు వచ్చి, చూసి, బాగుందంటే చాలు. ఆ మాట వినేదాకా తనకి నీటి రంగు వచ్చినట్టే కాదు. అందుకే షామియానా వాళ్ల దగ్గర ఎర్ర మఖమల్ పెళ్లికుర్చీ తెప్పించి, ముందు వరసలో వేయించి, మీద కొత్త శాలువా మడతపెట్టింది.

"ఈ డాల్ఫిన్స్ నోస్ కొండ బొమ్మలో అల మీద కాయితం అలాగొగ్గేసినావు సూడమ్మా," వెనకనించి ముసలాయన అన్నాడు. "శానా బాగుంది. దానికి దమ్ముండాల."

ఆమె కళ్లు గుమ్మం మీదున్నాయి.

"సర్లే తాతా, పక్కకి జరుగు. ఫొటోల్లో పడతన్నావ్."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

కాసేపటికి తిరిగి చూసింది. ముసలాయన ఎర్ర కుర్చీలో కూర్చున్నాడు. శాలువా ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నాడు.

"లెగు! ఆ కుర్చీ ఎవులిదనుకున్నావ్? మా గురువుగారిది!"

"నాను..."

"నువ్వూ లేదు, నీ తాతా లేడు. లెగమంటంటే!"

శాలువా లాక్కుని, దులిపి, మళ్లీ మడతపెట్టింది. వాచ్‌మన్‌ని కేకేసింది.

"సూరన్నా, ఈయన్ని బయటికి పంపించెయ్."

సూరన్న జబ్బ పట్టుకుని గుమ్మం దాటించాడు. ముసలాయన మెట్ల మీంచి ఒకసారి బొమ్మల వైపు చూసి, జనంలో కలిసిపోయాడు.

గౌరీశ్వరి మళ్లీ గుమ్మానికి కళ్లప్పగించింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒకావిడ రొప్పుతూ లోపలికొచ్చింది.

"నా పేరు రోజలిన్ అండి. మా నాన్నేరి? ముందు దింపేసి ఎల్లాను. బండి పెట్టడానికి సోటు దొరక్క లేటయిపోనాది."

"మీ నాన్నెవులమ్మా?"

రోజలిన్ ఖాళీగా ఉన్న ఎర్ర కుర్చీ చూసింది. దాని మీద మడత చెదరని శాలువా చూసింది.

"లారీ గుద్దేసి కుడిసెయ్యి తీసేసినకాణ్ణించి మా నాన్న గడప దాటనేదండి, 'ముందు వరసలో ఎర్ర కుర్చీ మీకోసమే వేశాను, వచ్చి కూర్చోండి గురువుగారూ' అని మీరు పెట్టిన మెసేజి సదివి ఇనిపిత్తే, ఈవేళే బయల్దేరినాడు."