ఆరింటి తలనొప్పి

పై వాటా అద్దెకు పోయిందని భార్య ఫోన్ చేసి చెప్పేసరికి మందుల షాపాయన ప్రాణం కుదుటపడింది. భార్యాభర్తలిద్దరేనట. పిల్లల్లేరు, కుక్క లేదు, టీవీ కూడా లేదట. తాళాలు ఇచ్చేశానంది. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే ఆయన ఆర్నెల్లుగా వెతుకుతున్నది ఇలాంటి మనుషుల కోసమే.

ఫోన్ పెట్టేసేసరికి ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంది. చంకలోని పొడుగాటి పెట్టెను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కౌంటర్ మీద పెట్టింది.

"తలనొప్పికి పారాసెటమాల్ మంచిదా, ఐబుప్రోఫెన్ మంచిదా అన్నయ్యగారూ?"

ఇలా అడిగి మరీ కొనేవాళ్లంటే ఆయనకు మహా ఇష్టం. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఎవరికమ్మా?"

"మావారికి. కడుపులో పుండు."

"అయితే ఐబుప్రోఫెన్ జోలికి పోకండి. పారాసెటమాల్."

"కింది వాటా తాతగారికి? బీపీ ఉంది."

"ఆయనకీ అదే."

"ఎదురింటి డ్రిల్లు మాస్టారికి? రాయిలాంటి మనిషి."

"ఏదైనా పర్లేదు. ఐబుప్రోఫెన్ అయితే ఏదో ఒకటి తిన్నాకే వేసుకోమనండి."

"పక్కింటి పిన్నిగారికి కిడ్నీలు కొంచెం..."

"ఆగండాగండి! ఇంతమందికి ఒక్కసారే తలనొప్పేంటమ్మా? నీళ్లలో ఏమన్నా కలిసిందా? ఎప్పట్నుంచి?"

"ఇంకా రాలేదండీ. ఆరింటికి వస్తుంది."

ఆయన గడియారం చూశాడు. ఐదుంపావు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో టైము చెప్పి వచ్చే తలనొప్పి గురించి ఆయన వినలేదు.

"డాక్టరుకి చూపించారా?"

"డాక్టరుగారు మా వెనకింట్లోనే ఉండేవారు. పోయిన వారమే ఇల్లు మారిపోయారు."

పాపం, వీధిలోవాళ్ల ఒంటి సంగతులన్నీ ఎంత ఓపిగ్గా గుర్తుపెట్టుకుందో! తోడబుట్టినవాళ్లు కూడా ఇంత పట్టించుకోరు. ఆయన మనసు కరిగిపోయింది. ఒక్కో కవరు మీద 'తాతగారు', 'మాస్టారు', 'పిన్నిగారు' అని గుండ్రంగా రాసి, ఎవరికెన్ని మాత్రలో, ఎంతసేపటికొకటో కూడా రాసిచ్చాడు.

"మరి మీకేది పడుతుంది అన్నయ్యగారూ?"

"నాకా? నాకు ఎసిడిటీ. పారాసెటమాలే."

"అయితే ఇంకో స్ట్రిప్పు ఇవ్వండి."

ఇచ్చాడు. ఆవిడ పెన్ను అడిగి తీసుకుంది. కవరు మీద 'అన్నయ్యగారు' అని రాసి ఆయన ముందుకే జరిపింది.

"నాకెందుకమ్మా? నా తల భేషుగ్గా ఉంది."

"ఒకటో తారీకున మీ పై వాటాలో దిగేది మేమే అన్నయ్యగారూ, నా సాధన రోజూ ఆరింటికి" అంటూ ఆవిడ పెట్టె మూత తీసి వయొలిన్‌ను ముద్దుగా నిమిరింది.