పాత మెయిలు, కొత్త కంప్యూటరు

పాతవన్నీ పాతదాంట్లోనే ఉండిపోతే ఏం పోయింది, ఇల్లు మారేవాడు పాత చీపుర్ని కూడా మోసుకుపోతాడా, అసలు ఇన్నేళ్ల ఉత్తరాలు మళ్లీ ఎవరు చదవొచ్చారు, అనుకుంటూ అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. అతని మెయిలు ప్రోగ్రాములోని సరుకంతా కూతురు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కొత్త కంప్యూటరుకు తగిలించింది.

"అన్నీ ఎందుకమ్మా? అడ్రసులు చాలు."

"ఊరుకో నాన్నా. రేపు ఫలానా ఉత్తరం ఏదే అని నా ప్రాణం తీసేది నువ్వే."

మంచం మీంచి అతని తల్లి గట్టిగా అడిగింది. "ఒరేయ్, చిన్నదేమన్నా రాసిందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

చిన్నదంటే అతని చెల్లెలు. అమ్మ ఎవరి దగ్గరుండాలన్న మాట మీద అన్నాచెల్లెళ్లిద్దరూ తెగతెంపులు చేసుకున్నారు. తల్లికి ఫోనులో మాట వినపడదు. ఎవరైనా మెయిలు రాస్తే అతనే చెవి దగ్గర అరిచి చదవాలి.

"కన్నతల్లి ఉందో పోయిందో కూడా అక్కర్లేదు మహాతల్లికి," అంది గుమ్మంలోంచి అతని భార్య. అత్తగారికి వినపడదన్న ధైర్యం ఆవిడది.

"మేనత్త అలాంటిది కాదమ్మా."

"మరెలాంటిదే? ఒక్క ముక్క రాసిందా ఇన్నేళ్లలో?"

అతని మొహం కందిపోయింది.

"చూడవే, తోడబుట్టినదాన్నంటే మీ నాన్నకెంత రోషమో!"

రోషం కాదది. సిగ్గు. దాన్ని రోషమనుకోనివ్వడం అతనికి అలవాటైపోయింది.

"ఫోల్డర్లొచ్చాయి, అడ్రసులొచ్చాయి," అంది కూతురు. "ఫిల్టర్లు కూడా తేనా?"

"అవేంటే?" అంది అతని భార్య.

"చెత్త మెయిళ్లు రాగానే నాన్న కంటపడకుండా వాటంతటవే చెరిగిపోతాయి. లోన్లు, లాటరీలు... పేర్లన్నీ నాన్న పెట్టుకున్నవే."

అతను చటుక్కున మౌసు లాక్కున్నాడు. "నేను చూసుకుంటాలే. నువ్వు లే."

"అబ్బో! సరే, ఏ ఫిల్టరు వద్దనుకుంటే దాని పక్కన టిక్కు తీసెయ్యి." కూతురు నవ్వుతూ లేచి తన తల్లి వెనకే వంటింట్లోకి వెళ్లింది.

అతను తెర మీదికి వంగాడు.

"రాస్తుందిలేరా," అంది మంచం మీంచి ముసలావిడ, అతన్ని ఓదారుస్తున్నట్టు. "దానికి కోపం నిలవదు."

లాటరీల కిందున్న చెల్లెలి పేరు పక్కన అతను టిక్కు తీసేశాడు.