పదిహేడో నంబరు

"పోయి ఆ ఇంట్ల దూరు! జల్దీ!"

తుల్సీరాం మైకులో అరిచాడు. ఫోన్ తెర మీద అతని జోడీ మాత్రం గుమ్మం బయటే నిలబడిపోయింది.

కాసేపటికి తెర కింద ఒక్కో ముక్కా టైపై వచ్చింది.

"లోపల ఎవరన్న ఉన్నరేమో. పిలవకుండ ఎట్ల పోతం?"

తుల్సీరాం తల పట్టుకున్నాడు. ఇది తుపాకుల ఆట. కనబడిన ఇంట్లోకి దూరాలి, దొరికింది ఎత్తుకోవాలి, ఎదురొచ్చినవాణ్ని కాల్చాలి. ఇందులో మర్యాదలేంటి?

ఈలోగా లోపలున్నవాడు ఇద్దర్నీ కాల్చేశాడు. మ్యాచ్ పోయింది.

బూతు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా కూర్చున్న భాస్కర్ తలెత్తి చూశాడు.

తుల్సీరాం గ్లాసెడు మంచినీళ్లు గటగటా తాగేశాడు.

"ఏం కాదు సారూ. రేపు చూసుకుందం," అన్నాడు మైకులో జోడీతో, పళ్లబిగువున.

భాస్కర్ కొత్తగూడెంలో గేమింగ్ క్లబ్బు నడుపుతున్నాడు. తుల్సీరాం ఒకప్పుడు ఆ క్లబ్బుకు మొనగాడు. ఆట ఎంత పెద్దదో నోరూ అంత పెద్దది.

ఏడాది కిందట టీమ్‌లో దేవ్లా అని ఒక ఐటీఐ కుర్రాడుండేవాడు. అశ్వారావుపేట అవతల, అడవి అంచు తండా నుంచి ఆడేవాడు. ఒకరోజు సిగ్నల్ పోయి, వాడి వల్ల మ్యాచ్ ఓడిపోయారు. తుల్సీరాం అందరూ వింటుండగా మైకులో అరగంట తిట్టాడు. తిట్టరాని తిట్లన్నీ తిట్టాడు.

దేవ్లా ఆ రోజుతో ఆట మానేశాడు. మర్నాడే క్లబ్బుకు రిపోర్టు వచ్చింది. తుల్సీరాం మీద బ్యాన్ పడింది.

ఏడాదిపాటు ఒక్కడంటే ఒక్కడు అతనికి ఫోన్ చేయలేదు. చివరికి అతనే వచ్చి భాస్కర్ ముందు నిలబడ్డాడు.

"నేను మారిన అన్నా."

"నోటితోని చెప్తే ఎట్ల నమ్మాలె? కేసే ఆ నోటి మీద గదా?"

భాస్కర్ పాత రికార్డింగు పెట్టాడు. రెండు నిమిషాలకే తుల్సీరాం చెవులు మూసుకున్నాడు.

"ఆపన్నా, చాలు."

తన గొంతు మీద తనకే రోత పుట్టింది.

అప్పుడు భాస్కర్ షరతు చెప్పాడు. మైకు తెరిచి పది మ్యాచులు ఆడాలి. జోడీ ఎవరో చెప్పరు, నంబరు మాత్రం పదిహేడు. ఆ మనిషి మాట్లాడరు, టైపు చేస్తారు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకే ఆట. పది పూర్తయ్యాక పదిహేడు సరేనంటే తుల్సీరాం మళ్లీ టీమ్‌లోకి వస్తాడు. ఒక్క తిట్టు దొర్లిందా, ఇక జన్మలో లేదు.

తీరా చూస్తే, పిలవకుండా ఇంట్లోకి పోనన్న ఈ పదిహేడుకు ఆటలో ఓనమాలు రావు. రిటైరైన గుమస్తా ఎవరో అయ్యుంటాడని తుల్సీరాం ఖాయం చేసుకున్నాడు.

నాలుగో మ్యాచ్‌లో పదిహేడు తుపాకీ వదిలేసి మందుల పెట్టె మోసుకొచ్చింది.

"సారూ, ముందుగాల తుపాకి. మందులు తర్వాత."

"దెబ్బ తగిలింది నీకు. మందే ముందు."

ఇన్నేళ్ల ఆటలో ఆ మాట తుల్సీరాంతో ఎవరూ అనలేదు.

ఆ రోజు నుంచి ఓపిగ్గా నేర్పడం మొదలుపెట్టాడు. చెప్పిందే చెప్పాడు. మళ్లీ చెప్పాడు. మధ్యమధ్య లేచి బయటికెళ్లి రెండు చుట్లు తిరిగొచ్చాడు.

ఏడో మ్యాచ్‌లో పదిహేడు మైదానం నడుమ దెబ్బతిని పడిపోయింది. తుల్సీరాం లేపడానికి పరిగెత్తి, తానూ పోయాడు.

"గెలిచే మ్యాచ్ పోగొట్టినవ్ గదరా!" అన్నాడు భాస్కర్.

"మనిషి పడిపోతే ఎట్ల ఇడిసిపెట్టి పోతన్నా?"

భాస్కర్ లేచి వెళ్లి, టీ తెచ్చి అతని ముందు పెట్టాడు.

పదో మ్యాచ్ వచ్చింది. అప్పటికి తొమ్మిదీ ఓటమే. ఈసారి చివరిదాకా నిలిచారు. ఎదుట ఇద్దరే మిగిలారు, గుట్ట మీది ఇంట్లో.

"నేను ముంగటి నుంచి పోత," అన్నాడు తుల్సీరాం.

"వద్దు. వాగుల దిగు. నీళ్ల చప్పుడుల అడుగు వినబడదు."

అడవిలో తిరిగినవాళ్లకే తట్టే ఉపాయం అది. వెనకటి తుల్సీరాం అయితే, నాకే చెప్తావా అని విరుచుకుపడేవాడు.

"సరే సారూ. మీరు ముంగట నడువుండ్రి, మీ ఎనక నేనొస్త."

వాగు వెంబడి నడిచారు. ఇంటి వెనక తేలారు. రెండంటే రెండు తూటాలు!

గెలుపు అక్షరాలు తెర నిండా వెలిగాయి. తుల్సీరాం కుర్చీ ఎక్కి గంతులేశాడు. క్లబ్బులో అందరూ వచ్చి మీద పడ్డారు.

భాస్కర్ తన ఫోన్‌కు వచ్చిన తీర్పు చదివాడు.

"కోపం వస్తది. మింగుతడు. నేర్పుతడు. రానియ్యుండ్రి."

తుల్సీరాం కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక్కసారి ఆ సారును చూపెట్టన్నా. కాళ్లు మొక్కుత."

"ఇయ్యాల ఇక్కడికే వచ్చి, పక్క గదిల కూసొని ఆడిన్రు. పోయి చూడు."

తుల్సీరాం ఉరుకుతూ వెళ్లి తలుపు తీశాడు. ఎదురుగా దేవ్లా.

కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"నువ్వా తమ్మీ... ఇన్ని రోజులు నువ్వేనా? నన్ను మాఫ్ చెయ్ రా. నేను చేసింది శానా తప్పు."

"నేను గాదన్నా," అంటూ దేవ్లా నవ్వాడు. "నేను గంత పాడుగ ఆడుతనా?"

వాడు పక్కకు జరిగాడు. వెనకాల, పామాయిల్ తోట పనికి చుట్టుకునే తలగుడ్డ ఇంకా విప్పకుండా, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నది, ఆ రోజు కొడుకు పక్కనే ఉండి తుల్సీరాం తిట్టిన ప్రతి తిట్టూ విని, మర్నాడు రిపోర్టు పెట్టించిన దేవ్లా తల్లి సైదమ్మ.