గరిటె పెట్టని పులుసు

మా వార్డులో ప్రతి మంచం పక్కనా సూదులు వేసే రోబో మరచెయ్యి ఒకటి వచ్చింది. నర్సింగ్ మూడో సంవత్సరం వాళ్ళం దాని పక్కన నిలబడి పని నేర్చుకోవాలట. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారో నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. మేం నరం వెతుకుతున్నంతసేపూ దాని కెమెరా మా వేళ్ళ మీదే ఉంటుంది.

"మేడం, మా చదువు అయ్యేసరికి ఉద్యోగాలుంటాయా?" అని ట్యూటర్‌ని అడిగాను.

"ముందు చదువుకో సలోమీ," అందావిడ, నా మొహం చూడకుండా.

అప్పట్నుంచీ కెమెరాకి వీపు అడ్డం పెట్టి సూది వేస్తున్నాను.

ఇవాళ జాలరిపేట నూకాలమ్మ సూది చూడగానే చెయ్యి లాగేసుకుంది.

"చేపల పులుసు నేను గరిటె పెట్టి బాగా తిప్పేస్తానమ్మా," అన్నాను.

"గరిటెడితే ముక్క మిగుల్తాదేటే? గిన్ని అంచులట్టుకుని కుదపాల!" అని ఆవిడ కేకలేస్తుండగానే సూది దిగిపోయింది. ఆవిడకి తెలియనే లేదు. కెమెరాకి నా వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఈ ఒక్క విద్యా నాకుంటే చాలు, ఎక్కడైనా ఉద్యోగం చేసుకోగలను అనుకున్నాను.

చేతులు కడుక్కుంటుంటే పక్క మంచం దగ్గర మరచెయ్యి మాట్లాడింది.

"చేపల పులుసు నేను గరిటె పెట్టి బాగా తిప్పేస్తానమ్మా."

"గరిటెడతావా? నీకీ వంట నేర్పినోలు ఎవులే?" అని ఆ మంచం మీది ముసలమ్మ గదిమింది. ఈలోగా సూది దిగిపోయింది.

నేను తడి చేతులతోనే వెళ్ళి, దాని మైకు ఎక్కడుందో వెతికాను.