పెద్ద పన్నా తెర

"ఇది ఎంత పన్నా నాయనా?" అని అడిగింది దర్జీ అమ్మ.

కంప్యూటర్ల కొట్టతను బిత్తరపోయాడు. తెరల గురించి అతన్ని ఎవరూ అడగని ప్రశ్నంటూ లేదు గానీ, బట్టల కొట్లో అడిగినట్టు పన్నా ఎంతని అడిగింది ఈవిడే. ముప్ఫై నాలుగు అంగుళాలన్నాడు. ఆవిడ మెడలో టేపు తీసి ఈ అంచు నుంచి ఆ అంచుకు సాచింది. ముప్ఫై రెండు కూడా రాలేదు.

"రెండంగుళాలకు పైగా మింగేశారేం?"

"మింగలేదమ్మా. తెరను ఈ మూల నుంచి ఆ మూలకు కొలుస్తారు."

"క్రాసుగానా? అలా కొలిస్తే నేను కుట్టిన చొక్కా లోకంలో ఒక్కడికీ పట్టదు" అంది.

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నవ్వి చాలా కాలమైంది.

ఆ తెర కొడుకు కోసం. చెట్టంత కొడుకు. ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి అట్టపెట్టెల మీద బొమ్మలు గీసి పంపేవాడు. సాయంత్రమైతే ఎక్కడెక్కడో ఉన్న స్నేహితులతో కంప్యూటర్లో కార్ల పందేలు ఆడేవాడు. గదికి ఈ పక్క ఆవిడ కుట్టుమిషను, ఆ పక్క వాడి కార్లు. "మెల్లగా పోనీరా, నా దారం తెగుతోంది" అని ఆవిడంటే, "నీ మిషను నన్ను దాటిపోతోందమ్మా, నువ్వే తగ్గు" అని వాడు. ఆ ఇంటికి అదే సందడి.

ఎవరి దిష్టి తగిలిందో, ఆ సందడి అణిగిపోయింది. మొదట పందేలు ఓడిపోవడం మొదలుపెట్టాడు. తెర చిన్నది, పక్కనుంచి వచ్చే కార్లు అందులో పట్టడం లేదన్నాడు. తర్వాత పనిలో తప్పులొచ్చాయి. అంచుల్లో గీయాల్సినవి వదిలేస్తున్నాడని కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు ఆగమన్నారు. అదీ తెర వల్లేనన్నాడు. ఆ తర్వాత కంప్యూటరు ముట్టడమే మానేశాడు. గోడకు చేరగిలబడి కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. అంతే.

కింద వాటాలో ఉండే బస్సు డ్రైవరు, ప్రేమా దోమా ఏదైనా బెడిసికొట్టిందేమో కనుక్కోమన్నాడు. నయానా భయానా అడిగింది. అలాంటిదేం లేదన్నాడు. ఒకరోజు మంచినీళ్ళిస్తే గ్లాసు జారవిడిచాడు. ధ్యాస ఎక్కడ పెట్టావని కసిరింది. కసిరినందుకు ఆ పూటంతా మిషను ముందు కూర్చుని, కుట్టిన కుట్టే మళ్ళీ కుట్టింది.

తల్లి మనసుకు తోచింది ఒకటే. తెర పెద్దదైతే పిల్లాడు మళ్ళీ ఆడతాడు. ఆడితే మళ్ళీ మనుషుల్లో పడతాడు.

తోడు రమ్మంటే రానన్నాడు.

"పెళ్ళిచూపులకా రమ్మంటున్నాను? తెర ఎంచుకోడానికేగా?"

"నువ్వు చూస్తే నేను చూసినట్టేనమ్మా" అన్నాడు.

అందుకే ఒక్కతే వచ్చింది. ఆటకా పనికా అని కొట్టతను అడిగితే, పొద్దున పని, సాయంత్రం ఆట అని చెప్పింది. అతను ఓపిగ్గా ఒక్కొక్కటీ చూపించాడు. ఒకటి మరీ బారెడుంది. ఇది మా గుమ్మంలో పట్టాలంటే ముందు గుమ్మం కొనాలంది. ఇంకొకటి లోపలికి వంపు తిరిగి ఉంది. ఈ వంపెందుకంది. ఎదురుగా కూర్చుంటే రెండు చివరలూ మనిషి వైపు తిరిగి ఉంటాయని, పరుగెత్తే కారు కూడా చెదరకుండా కనిపిస్తుందని అతను చెప్పాడు.

"రెండు చేతులూ చాచి దగ్గరికి తీసుకున్నట్టన్నమాట" అంది ఆవిడ. "ఇదే ఇవ్వు."

ఏ తీగ ఏ కన్నంలో పెట్టాలో చెప్పించుకుంది. సూదిలో దారం ఎక్కించే చేతికి అదో లెక్కా!

మధ్యాహ్నం బట్టలు కత్తిరించే బల్ల ఖాళీ చేసి తెర దాని మీద నిలబెట్టింది. కొడుకును చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. కంప్యూటరు మీట నొక్కి, తీగలు సర్దడానికి బల్ల కిందికి దూరింది. మీట నొక్కగానే ఆట దానంతటదే మొదలయ్యేలా వాడెప్పుడో అమర్చుకున్నాడు. పాత స్పీకర్లలో ఆట పాట మోగింది. కార్లు రయ్యిమన్నాయి.

వాడు నిటారుగా కూర్చున్నాడు. తెరను ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడిమాడు.

"అబ్బ, ఎంత బాగుందమ్మా."

ఆవిడ బల్ల కింద కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి లేచి వాడి వెనక నిలబడింది.

"ఏం కనిపిస్తోందిరా?"

"అన్నీ. రోడ్డంతా పరిచినట్టుంది. పక్కనుంచి వచ్చే కార్లు కూడా ఇప్పుడు తెలుస్తున్నాయి."

"నీ కారు ఏ రంగు?"

"ఎరుపు. నువ్వు నాకు కుట్టావే, ఆ చొక్కా ఎరుపు."

ఆవిడ ఒక చెయ్యి వాడి తల మీద వేసింది. రెండో చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఇంకా పెద్దది తేవాల్సిందేమోరా."

"వద్దమ్మా, ఇదే చాలు" అని వాడు నవ్వాడు. ఇన్నాళ్ళూ ఆవిడ ఎదురుచూసిన నవ్వే అది.

ఆవిడ వెనక్కి దాచుకున్న చేతిలో, గోడకు ఇంకా పెట్టని కొత్త తెర ప్లగ్గు ఉంది.