పచ్చ చెయ్యి స్వెట్టరు

స్వెట్టరును తిరుమలరావు దూరం నుంచే గుర్తుపట్టాడు.

ఒళ్లంతా ఎరుపు. ఎడమ చెయ్యి మాత్రం ఆకుపచ్చ. ఎర్ర ఊలు అయిపోతే అతని భార్య బుల్లి ఆ చెయ్యిని పచ్చ ఊలుతో ముగించింది. ఆ ఏడాదే ఆమె చనిపోయింది.

ఇప్పుడది కొలాబు డ్యాము ఒడ్డున, నెగడు ముందు కూర్చున్న ఒక ముసలివాడి ఒంటి మీద ఉంది.

"గురువులూ, ఆడే," అన్నాడు తిరుమలరావు తోడొచ్చిన స్నేహితుడితో.

"ఎవుడు బావా?"

"నన్ను ఒలుసుకుపోయినోడు."

గురువులు తలమీది కుండ దించి చంకలో పెట్టుకున్నాడు.

సెమిలిగుడలో గురువులు లారీలకు పంక్చర్లు వేస్తాడు. తిరుమలరావు మున్సిపాలిటీ కుళాయిల పని చేస్తాడు. చలికాలం ఆదివారాల్లో ఇద్దరూ అడవిబాతుల కోసం ఇక్కడికి వస్తారు. ముందుగా నీళ్ల మీద ఖాళీ కుండలు వదిలిపెడతారు. బాతులు వాటికి అలవాటు పడ్డాక, ఒక తెల్లవారుజామున చిల్లుల కుండ తలకు బోర్లించుకుని, మెడలోతు నీళ్లలో వాటి మధ్యకు నడుస్తారు. కింద నుంచి కాళ్లు పట్టి లాగేస్తారు.

బాతు సులువే. చలికి ఆగడమే కష్టం. ఆ వేళకు గట్టు మీది గడ్డి ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటుంది.

పోయిన చలికాలం తిరుమలరావు ఆగలేకపోయాడు. ఇప్పసారా తాగి, స్వెట్టరుతోనే ఒంటరిగా నీళ్లలోకి దిగాడు. కాళ్లు కొంకర్లు పోవడం వరకే గుర్తు. ఆసుపత్రిలో కళ్లు తెరిచాడు. ఎవరో లారీవాడు దించి పోయాడన్నారు. స్వెట్టరు లేదు. ఒంటికి ఒక నల్ల గొంగళి చుట్టి ఉంది. ఆసుపత్రిదే అనుకుని దానితోనే ఇంటికి వచ్చేశాడు.

బాతుల వేట నేరం. అందుకని ఎవరినీ ఏమీ అడగలేదు. పడి ఉన్నవాడి ఒంటి మీద బట్ట ఒలుచుకున్నవాడిని మాత్రం ఏడాదంతా తిట్టుకున్నాడు. బుల్లి చేతిది ఇంట్లో ఇంకేమీ లేదు.

అదే గొంగళి కప్పుకుని ఇప్పుడు ముసలివాడి ముందు నిలబడ్డాడు.

"ఏరా, ఈ స్వెట్టరెవుల్ది?"

ముసలివాడు తలెత్తాడు. గొంగళిని చూశాడు. దాని అంచున వలదారంతో కుట్టిన చోటును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. నవ్వాడు.

"ఎచ్చగుందా బాబు?" అన్నాడు.

తిరుమలరావు చెంప మీద కొట్టాడు.

"ఎక్కసాలాడతన్నావేట్రా, దొంగనాకొడకా?"

"నీదే బాబు. తీసుకో. ఎవుల్దో ఆళ్లు ఆనవాలు పడతారనే తొడుక్కు తిరుగుతన్నాను."

గురువులు నవ్వాడు. "ఇన్నావా బావా? నీకు సూపించడానికి తొడుక్కున్నాడట, పెళ్లికొడుకు."

ముసలివాడు స్వెట్టరు విప్పాడు. లోపల చొక్కా లేదు. పక్కటెముకలు కనిపించాయి. స్వెట్టరును మడతపెట్టి, రెండు చేతులతో ఇచ్చాడు.

"సారా తాగి దిగకు బాబు," అన్నాడు.

"నీకెందుకురా?"

గురువులు నవ్వు ఆపాడు. "బావా, ముసిలోడు. సలి సూడు. ఆ గొంగళేనా ఇచ్చీరాదా."

"నన్ను ఒలిసినప్పుడు ఆడికి సలి గుర్తొచ్చిందేటి?" అన్నాడు తిరుమలరావు. "ఆ నిప్పు ఆర్పీ. పొగకి బాతులు లెగిసిపోతాయి."

గురువులు కుండతో నీళ్లు తెచ్చి నెగడు మీద పోశాడు.

ఆ రోజు బాతులు బాగానే పడ్డాయి. వాళ్లు వెళ్లేటప్పుడు కూడా ముసలివాడు నీళ్లలో వేసిన వలకు కాపలాగా తడి బూడిద పక్కనే మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు. తిరుమలరావు అటు చూడలేదు.

ఇంట్లో స్వెట్టరు ఉతికాడు. మోచేతి దగ్గర చిరుగును ఎవరో వలదారంతో కుట్టారు. దొంగ కుట్టు అనుకున్నాడు.

మరుసటి ఆదివారం గురువులు రానన్నాడు. తిరుమలరావు స్వెట్టరు తొడుక్కుని, పైన గొంగళి కప్పుకుని ఒక్కడే వెళ్లాడు.

ఒడ్డున నెగడు లేదు. గట్టు పైన వల ఆరవేసిన గుడిసె ముందు ఒక ఆడమనిషి ఉంది. పక్కనే కొత్తగా పోసిన మట్టి. ఆమె గొంగళి వైపే చూస్తూ దగ్గరికి వచ్చింది.

"అది మా అయ్యది."

"ఆసుపత్రోళ్లిచ్చేరమ్మీ."

ఆమె అంచు తిప్పి చూపించింది. "ఈ కుట్టు నానేసిందే. పోయిన సలికాలం సేపలకని కప్పుకెళ్లేడు. తడి స్వెట్టరొకటి సంకలో ఎట్టుకుని ఉత్తొంటితో వచ్చేడు."

తిరుమలరావు గుడిసెలోకి తొంగి చూశాడు.

"మీ అయ్య ఏడీ?"

ఆమె మట్టి వైపు చూసింది. "పోయిన ఆదివారం బిగుసుకుపోయి వచ్చేడు. తెల్లారనేదు."

తిరుమలరావు పచ్చ చేతిని మెల్లగా గొంగళిలోకి లాక్కున్నాడు.

"స్వెట్టరేదయ్యా అంటే, 'నీళ్లలోంచి లాగి లారీ ఎక్కించినోడు బతికే ఉన్నాడమ్మీ, నా గొంగళి కప్పుకునున్నాడు, ఆడిది ఆడికిచ్చేసేను' అని నవ్వేడు బాబు," అంది.